క్రేన్ రైలును గీరుతూ నడుస్తుంటే: చక్రం విప్పే ముందు చూడవలసినవి

లక్షణం: షెడ్డులో ఈఓటీ క్రేన్ (పైన రెండు పట్టాల మీద నడిచే కరెంటు క్రేన్) నడిచేటప్పుడు ఒక పక్క కీచుమంటుంది, రైలు (క్రేన్ నడిచే పట్టా) కింద ఇనుప రజను రాలుతుంది, చక్రం ఫ్లాంజ్ (పట్టా మీంచి జారకుండా చక్రానికి ఉండే అంచు) పలచబడుతుంది. జడ్చర్ల, షాద్‌నగర్, చిట్యాల వైపు షెడ్లలో నన్ను పిలిచేసరికి సాధారణంగా చక్రం అప్పటికే విప్పి ఉంటుంది. ఎక్కడ గీరుతుందో చూసినవారు మాత్రం ఎవరూ ఉండరు.

మొదటి పరీక్షకు ఒక సుద్దముక్క చాలు. రైలు పక్కలకు సుద్ద పూసి, క్రాబ్‌ను (గర్డరు మీద అటూఇటూ తిరుగుతూ లోడు ఎత్తే బండిని) మధ్యలో నిలిపి, లోడు లేకుండా క్రేన్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి తీసుకెళ్లి రావాలి. సుద్ద కొన్ని చోట్లే చెరిగితే తప్పు రైలుది. ప్రతి స్తంభం దగ్గరా స్పాన్ (రెండు రైళ్ల మధ్య దూరం) కొలిచి, 3 నుంచి 5 మిల్లీమీటర్లు మించి తేడా ఉన్న చోట క్లిప్పులు వదులు చేసి రైలును సరిచేయాలి. మధ్యాహ్నం మాత్రమే గీరితే ఎండను లెక్కలోకి తీసుకోవాలి: 15 మీటర్ల గర్డరు (క్రేన్ రెండు పక్కలనూ కలిపే దూలం) 20 డిగ్రీలు వేడెక్కితే సుమారు 3.6 మిల్లీమీటర్లు సాగుతుంది, పాలమూరు మే నెలలో రేకుల కింద అది పెద్ద మాటేమీ కాదు.

సుద్ద పొడవునా చెరిగితే తప్పు క్రేన్‌ది. అప్పుడు రెండు చివరలా స్టాపర్ల (రైలు చివర క్రేన్‌ను ఆపే దిమ్మెల) దగ్గర చూడాలి. స్టాపర్లు సమానంగా అమర్చి ఉన్నాయనుకుంటే, ఒక చివర క్రేన్ ఎడమ బఫర్ (స్టాపరుకు తగిలే మెత్త), రెండో చివర కుడి బఫర్ ముందుగా తగిలితే ఎండ్ క్యారేజీలు (గర్డరు రెండు కొసల్లో చక్రాలను పట్టి ఉంచే భాగాలు) చతురస్రంగా లేవని అర్థం; మూలమట్టానికి తెచ్చి బోల్టులు బిగించాలి. రెండు చివరలా ఒకే పక్క వెనుకబడుతుంటే ముందు ఆ పక్క మోటారు బ్రేకు పట్టుకుపోయిందేమో, ఒక ఫేజు పోయిందేమో చూడాలి. ఈ ఐదు నిమిషాల పనిని దాటవేసి చక్రాల జోలికి వెళ్లేవారిని చూసి విసిగిపోయాను.

అవి రెండూ బాగుంటే, నన్ను దెబ్బతీసిన కారణం మిగులుతుంది: ఎడమ, కుడి డ్రైవ్ చక్రాల (మోటారు తిప్పే చక్రాల) వ్యాసంలో తేడా. మహబూబ్‌నగర్ దగ్గరి ఒక ఫాబ్రికేషన్ షెడ్డులో ఒక చక్రం ఫ్లాంజ్ అరిగిందని ఆ ఒక్కదాన్నే కొత్తది వేయించాను. మొదటి వారం క్రేన్ నిశ్శబ్దంగా నడిచింది, నాలుగు నెలలకు కొత్త ఫ్లాంజ్ కూడా కత్తిలా పలచబడింది. జాకీ వేసి ఎత్తి కొలిస్తే కొత్తది 315 మిల్లీమీటర్లు, అవతలి పాతది 313. కంటికి ఈ తేడా కనిపించదు, కానీ ఒక్కో చుట్టుకు పాతది 6.3 మిల్లీమీటర్లు వెనుకబడుతుంది, 20 మీటర్లు నడిచేసరికి లెక్క ప్రకారం 127 మిల్లీమీటర్లు. క్రేన్ అంత వంకర పోకుండా ఫ్లాంజ్ రైలును పట్టుకుని ఆపుతుంది, ఆ ఆపడమే గీరుడు. అరిగిన చక్రాన్ని మార్చి నేనే జబ్బును కొనితెచ్చుకున్నానన్నమాట.

పరిష్కారం: కరెంటు ఆపి తాళం వేసి, రెండు డ్రైవ్ చక్రాలనూ ఎత్తి, ట్రెడ్ (చక్రం రైలు మీద దొర్లే ముఖం) చుట్టూ సన్నటి స్టీలు టేపు చుట్టి చుట్టుకొలత తీసుకోవాలి, వ్యాసంలో ఉన్న తేడా చుట్టుకొలతలో మూడు రెట్లకు పైగా కనిపిస్తుంది కనుక పొరపాటుకు తావు తక్కువ. రెండింటి వ్యాసం పావు మిల్లీమీటరు లోపు సరిపోయేలా జతగా మార్చాలి. పెద్దదాన్ని లేత్ మీద తీయించి చిన్నదానికి సరిపెట్టవచ్చు, అయితే ట్రెడ్ గట్టిపొర పోకుండా చూసుకోవాలి. పొర దాటిపోతే ఆ చక్రం ఎక్కువ కాలం నిలవదు. మోటారు తిప్పని చక్రాల వ్యాసం ఈ లెక్కలోకి రాదు.

పునాది కుంగడం, గర్డరు మెలిదిరగడం వంటివి అరుదు. పైవన్నీ చూశాకే వాటి గురించి ఆలోచించండి. కొత్త క్రేన్‌కు ఆర్డరు ఇచ్చేటప్పుడే స్పేరు డ్రైవ్ చక్రాలను జతగా, వాటి కొలతలు రాసిన కాగితంతో సహా తీసుకోండి.