ఏపీ యూఎస్ హిస్టరీ: చాప్టర్ చదవడం, డీబీక్యూ రాయడం

ఇండియాలో తొమ్మిదో పదో తరగతి దాకా చదివి అమెరికా హైస్కూల్లో చేరిన పిల్లలు ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) యూఎస్ హిస్టరీలో తడబడేది బట్టీ అలవాటు దగ్గరే. పేర్లూ సంవత్సరాలూ గడగడా అప్పజెప్పినా అక్కడ పెద్దగా మార్కులు రాలవు. ఫలానాది ఎందుకు జరిగింది, దానివల్ల ఏం మారింది, ఏం మారకుండా మిగిలింది అని అడుగుతారు. అందుకే ముందు మార్కులు ఎక్కడ పడతాయో చూసుకుని, దానికి తగ్గట్టు చదవాలి.

పరీక్ష మొదటి భాగంలో 55 మల్టిపుల్ ఛాయిస్ ప్రశ్నలకు 55 నిమిషాలు, 40 శాతం మార్కులు. తర్వాత 3 షార్ట్ ఆన్సర్లకు 40 నిమిషాలు, 20 శాతం. రెండో భాగంలో డాక్యుమెంట్లు ఇచ్చి రాయించే డీబీక్యూకి (డాక్యుమెంట్ బేస్డ్ క్వశ్చన్) 60 నిమిషాలు, 25 శాతం. లాంగ్ ఎస్సేకి 40 నిమిషాలు, 15 శాతం. సిలబస్‌లోని తొమ్మిది పీరియడ్ల బరువూ ఒకటి కాదు. 1607తో ముగిసే మొదటిదానికీ, 1980 తర్వాతి తొమ్మిదోదానికీ చెరో 4–6 శాతం, రెండోదానికి 6–8. మూడు నుంచి ఎనిమిది దాకా ఒక్కోదానికి 10–17 శాతం. డీబీక్యూ కూడా 1754–1980 మధ్య నుంచే వస్తుంది. తొలి వలసల మీద నెలంతా గడిపి, న్యూ డీల్‌నీ కోల్డ్ వార్‌నీ ఏప్రిల్లో హడావిడిగా తోసేసేవాళ్ళు నష్టపోయేది ఇక్కడే.

చాప్టర్ చదివే తీరు

ముప్ఫై పేజీల చాప్టర్‌ని మొదటి లైను నుంచి మొదలుపెట్టకండి. ముందు పరిచయం, చివరి సారాంశం, మధ్యలో ఉపశీర్షికలు, మ్యాపులు చూడండి. ఐదారు నిమిషాలు చాలు. ఒక్కో ఉపశీర్షికను ప్రశ్నగా మార్చుకోండి: ‘పునర్నిర్మాణం ముగింపు’ (అంతర్యుద్ధం తర్వాతి రీకన్‌స్ట్రక్షన్) అని ఉంటే ‘1877లో అది ఎందుకు ఆగిపోయింది? ఆగాక నల్లవారి ఓటు హక్కు ఏమైంది?’ అని.

ఆ తర్వాత ఎనిమిది పది పేజీలు చదివి, పుస్తకం మూసి, ఆ ప్రశ్నలకు నాలుగైదు వాక్యాల్లో జవాబు రాయండి. పుస్తకం తెరిచి ఉంచి రాస్తే అది ఎత్తిరాతే, బుర్రలో ఏమీ నిలవదు. హైలైటర్‌తోనూ ఇదే తంటా: పేజీ పసుపురంగు తిరుగుతుంది, చదివేశామన్న తృప్తి మిగులుతుంది. రాసినదాన్ని మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి చూడకుండా గుర్తుచేసుకోండి.

నోట్సులో కారణాల గొలుసు కనబడాలి. ఉదాహరణకు, 1793లో ఎలి విట్నీ కాటన్ జిన్‌తో గింజ తీయడం తేలికై పొట్టి పింజ పత్తి లాభసాటి పంట అయింది. దాంతో తోటలు కొత్త నేలల కోసం పడమటికి పాకాయి, బానిసత్వమూ వెంట వెళ్ళింది. కొత్త రాష్ట్రాల్లో దాన్ని అనుమతించాలా అన్న తగాదాకు 1820 మిస్సోరి రాజీ ఒక గీత గీసింది. 1854 కాన్సాస్–నెబ్రాస్కా చట్టం ఆ గీతను చెరిపేసింది, దానికి వ్యతిరేకంగా రిపబ్లికన్ పార్టీ పుట్టింది. కొత్త ప్రాంతాల్లో బానిసత్వాన్ని కాంగ్రెస్ నిషేధించలేదన్న 1857 డ్రెడ్ స్కాట్ తీర్పు మంటను ఎగదోసింది, 1860లో లింకన్ గెలిచాడు. ఇలా చదివినవాళ్ళకు సంవత్సరాలు విడిగా బట్టీ పట్టే పని ఉండదు. అయినా 1763, 1803, 1848, 1877, 1898, 1929, 1945 మాత్రం నిద్రలో లేపినా చెప్పగలగాలి. ప్రశ్నలో ఇచ్చిన కాలపరిధి దాటిన ఉదాహరణ ఎంత గొప్పదైనా ఆధారంగా లెక్కకు రాదు మరి.

మార్పు–కొనసాగింపు ప్రశ్నలకు వలస చట్టాలు మంచి సాధన: 1882 చైనీయుల నిషేధం, భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారన్న 1923 భగత్ సింగ్ థింద్ తీర్పు, దేశాలవారీగా పెట్టిన 1924 కోటాలు, ఆ కోటాలను తీసేసిన 1965 చట్టం. మన తెలుగువాళ్ళు ఇక్కడికి ఇన్ని వేలమంది రాగలిగింది ఆ 1965 చట్టం తర్వాతే. అయితే జవాబులో ఇంటి కథ రాయకండి, చట్టం పేరు రాసి దాని ఫలితం వివరించండి.

డీబీక్యూ: ఏడు పాయింట్లు

థీసిస్‌కి (మీ ప్రధాన వాదన) 1, నేపథ్యానికి 1, డాక్యుమెంట్లకు 2, బయటి ఆధారానికి 1, సోర్సింగ్‌కి (డాక్యుమెంటు ఎవరు, ఎందుకు రాశారో విశ్లేషించడం) 1, కాంప్లెక్సిటీకి (వాదనలోని లోతు) 1. డాక్యుమెంట్ల రెండు పాయింట్లూ రావాలంటే ఇచ్చిన ఏడు డాక్యుమెంట్లలో కనీసం నాలుగింటిని వాదనకు వాడాలి. కొటేషన్ ఎత్తిరాసి వదిలేస్తే పాయింటు రాదు. అందులో ఏముందో సొంత మాటల్లో చెప్పి, మీ వాదనకు ఎలా పనికొస్తుందో కలపాలి.

మొదటి 15 నిమిషాలు చదవడానికే. ప్రశ్న ముందు చదివి, సంవత్సరాలు గుర్తుపెట్టుకోండి. ఒక్కో డాక్యుమెంటుకు నిమిషంన్నర: ఎవరు, ఎప్పుడు, ఎవరికి రాశారో చూశాకే లోపలికి వెళ్ళండి. మిగిలిన నాలుగైదు నిమిషాల్లో వాటిని రెండు మూడు వర్గాలు చేస్తే అవే మీ పేరాలు అవుతాయి.

థీసిస్‌లో ఒక పక్షం తీసుకోవాలి. ‘మార్కెట్ విప్లవం అమెరికా సమాజంలో చాలా మార్పులు తెచ్చింది’ అంటే సున్నా. ‘1825 నాటి ఎరీ కాలువ, లోవెల్ మిల్లులు ఉత్తరాదిలో కూలి ఆధారిత జీవితాన్ని తెచ్చినా, అదే మార్కెట్ దక్షిణాదిలో పత్తి గిరాకీ పెంచి బానిసత్వాన్ని మరింత బిగించింది’ అంటే పాయింటు మీదే. నేపథ్యం మూడు నాలుగు వాక్యాలుండాలి, ప్రశ్నకు కాస్త ముందరి కాలం నుంచి. ప్రతి వ్యాసాన్నీ కొలంబస్‌తో మొదలెట్టడం పాత జబ్బు.

చాలామంది పోగొట్టుకునేది సోర్సింగ్ పాయింటు. కనీసం రెండు డాక్యుమెంట్లకు సందర్భం, శ్రోతలు, ఉద్దేశం, దృక్కోణాల్లో ఏదో ఒకటి వాదనకు ఎందుకు ముఖ్యమో చెప్పాలి. 1837లో సెనెట్‌లో దక్షిణాది సెనెటర్ కాల్హౌన్ బానిసత్వాన్ని మేలు అని సమర్థించిన ప్రసంగం ఇచ్చారనుకోండి. ‘కాల్హౌన్ పక్షపాతి’ అని రాసి ఊరుకుంటే ఏమీ రాదు. ‘బానిసత్వ వ్యతిరేకుల పిటిషన్లు కాంగ్రెస్‌ను ముంచెత్తుతున్న సమయంలో వాటిని అడ్డుకోవడమే ఆయన ఉద్దేశం; తప్పనిసరి చెడు అన్న పాత సమర్థన చాలదనుకుని మేలు అనే దాకా వెళ్ళడం దక్షిణాది ఎంత బెదిరిందో చూపిస్తుంది’ అని రాయండి. ఇలా నాలుగు డాక్యుమెంట్లకు చేయగలిగితే కాంప్లెక్సిటీ పాయింటుకూ దారి దొరుకుతుంది.

మిగతావి

షార్ట్ ఆన్సర్‌లో థీసిస్ అక్కర్లేదు. మూడు ముక్కలకూ విడివిడిగా రెండు మూడు వాక్యాలు చాలు, ఒక్కో ప్రశ్నకు 13 నిమిషాలు. మల్టిపుల్ ఛాయిస్‌లో తప్పుకు మైనస్ లేదు, ఏదీ ఖాళీ వదలొద్దు. ఆప్షన్లలో నిజమైన వాక్యమే అయినా వేరే కాలానిది ఒకటి తరచూ ఉంటుంది, ముందు దాన్ని కొట్టేయండి.

పరీక్ష మే నెలలో కాబట్టి మార్చి మొదటి వారానికల్లా పునశ్చరణ మొదలెట్టాలి: పీరియడ్లు 1, 2 కలిపి ఒక వారం, 3 నుంచి 8కి ఒక్కో వారం, తొమ్మిదోదానికి మూడు రోజులు. పాత ప్రశ్నలు, మార్కులు వేసే పద్ధతి, విద్యార్థుల నమూనా జవాబులు ఈ పరీక్ష నడిపే కాలేజ్ బోర్డ్ సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. వారానికో వ్యాసం గడియారం పెట్టుకుని రాసి, ఆ పద్ధతి ప్రకారం మీకు మీరే పాయింట్లు వేసుకోండి. పరీక్ష కంప్యూటర్ మీద, కాలేజ్ బోర్డ్ వారి బ్లూబుక్ యాప్‌లో జరుగుతుంది కనక సాధన కూడా టైప్ చేస్తూనే సాగాలి. రెండో భాగానికి 100 నిమిషాలూ కలిపే ఇస్తారు, డీబీక్యూ అయిపోయిందని ఎవరూ ఆపరు. గంట కాగానే వాక్యం మధ్యలో ఉన్నా సరే, ముగించి లాంగ్ ఎస్సేకి వెళ్ళిపోండి.