బోటు స్పీడోమీటర్ పనిచేయట్లేదా? కొత్తది కొనేముందు ట్యూబు చూడండి

డాలస్ చుట్టుపక్కల లేక్ లూయిస్‌విల్‌లోనో, లేక్ టెక్సోమాలోనో బోటు తిప్పే మనవాళ్లు వేసవి రాగానే ఫోన్ చేస్తారు: "అన్నా, స్పీడోమీటర్ పోయింది, ఏది కొనమంటావు?" మోటారు కింద రంధ్రం చూశావా అని అడుగుతాను. చూసి ఉండరు. దయచేసి ముందు అది చూడండి. అయిదు నిమిషాల పని.

ఔట్‌బోర్డు బోట్లలో (మోటారు వెనక బయట బిగించి ఉండేవి) చాలావాటికి ఉండేది నీటి ఒత్తిడితో నడిచే మీటరు. గేర్‌కేస్ (మోటారు కింద ప్రొపెల్లర్ ఉండే భాగం) ముందు అంచున చిన్న రంధ్రం ఉంటుంది. బోటు కదిలినప్పుడు నీళ్లు అందులోకి నెట్టుకొస్తాయి. ఆ ఒత్తిడి సన్నని ట్యూబు గుండా డాష్‌బోర్డు దాకా వచ్చి ముల్లును కదుపుతుంది. కరెంటు కావాల్సింది లైటుకే.

ముల్లు అసలు కదలట్లేదు

రంధ్రంలో ఇసుకో, నాచో పట్టి ఉంటుంది. బోటు నెలల తరబడి ట్రైలర్ మీద ఉంటే కందిరీగలు మట్టితో మూసేస్తాయి. సన్నని తీగతో శుభ్రం చేయండి. తర్వాత మీటరు వెనక ట్యూబు ఊడదీసి, అక్కణ్నుంచి మోటారు వైపు గాలి కొట్టండి. ట్యూబు మీటరుకు తగిలించి ఉండగా మాత్రం కొట్టవద్దు, మీటరు లోపలి భాగం దెబ్బతింటుంది. మీ బోటుకు వెనక పలక మీద విడిగా బిగించిన పిటాట్ (నీటి ఒత్తిడి అందుకునే చిన్న గొట్టం) ఉంటే, అది దేనికైనా తగిలి పైకి లేచిందేమో చూసి కిందికి దించండి.

ముల్లు కదులుతోంది, కానీ వేగం తక్కువ చూపిస్తోంది

నన్ను బాగా ఏడిపించింది ఇదే. ఒక మిత్రుడి బోటులో ఫోన్ జీపీఎస్ గంటకు 35 మైళ్లంటే మీటరు 24 దగ్గర ఆగేది. రంధ్రం శుభ్రంగా ఉంది. మీటరు ముసలిదైందని నేనే కొత్తది కొనిపించాను. అదీ 24 దగ్గరే ఆగింది. అతని డబ్బు వృథా చేయించానన్న బాధ ఇప్పటికీ ఉంది.

తప్పు ట్యూబుది. మోటారు పైకీ కిందికీ లేచే చోట, స్టీరింగ్ కేబుల్ పక్కన ప్లాస్టిక్ టైతో గట్టిగా బిగించి ఉంది. ఎండకు పెళుసెక్కి అక్కడ సన్నగా చీలింది. మోటారు ఎత్తి చూస్తే చీలిక మూసుకుపోయి కనబడదు, కిందికి దించితే తెరుచుకుంటుంది. మనం వెతికేది ఎప్పుడూ ట్రైలర్ మీద, మోటారు ఎత్తి ఉన్నప్పుడే కదా!

ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. 20 మైళ్ల దగ్గర దాదాపు 6 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), 40 దగ్గర దాదాపు 23. అందుకే దారిలో సగం ఒత్తిడి కారిపోయినా ముల్లు సగానికి పడిపోదు, 40 చూపాల్సింది 28 చూపిస్తుంది. చూసేవాళ్లు మీటరు బలహీనపడిందనుకుంటారు.

పరీక్షకు సూది లేని పెద్ద సిరంజి చాలు. ట్యూబును మీటరు నుంచి తీసి, అందులోని నీళ్లు వదిలేసి, ఆ కొసకు సిరంజి తగిలించండి. ఇంకొకరిని కింది రంధ్రం బొటనవేలితో మూయమనండి. మెల్లగా నొక్కి అర నిమిషం పట్టుకుని వదలండి. పిస్టన్ వెనక్కి తన్నుకొస్తే ట్యూబు బాగున్నట్టు. నొక్కిన చోటే ఉండిపోతే ఎక్కడో కారుతోంది. మోటారు ఎత్తి ఒకసారి, దించి ఒకసారి, ఇటు చివరికీ అటు చివరికీ తిప్పి మళ్లీ చేయండి. సబ్బునీళ్లు రాస్తే బుడగలే చోటు చూపిస్తాయి. అక్కడ టేపు చుట్టవద్దు, నిలవదు. పాత ముక్క షాపుకు పట్టుకెళ్లి అదే సైజు కొత్త ట్యూబు తెచ్చి, మోటారు వంగే చోట కాస్త వదులుగా వదిలి వేయండి.

నిజంగా మీటరే పోతే

ట్యూబు తీసేసినా ముల్లు సున్నాకు రాకపోతే మీటరు మార్చాల్సిందే. ట్యూబులో మిగిలిన నీళ్లు చలికాలంలో గడ్డకట్టి మీటరు పగలడం కూడా ఉంది, కానీ అరుదు.

కొనేటప్పుడు మీ బోటు గరిష్ఠ వేగానికి కొంచెం పైన ఆగే డయల్ తీసుకోండి. 40 దాటని బోటుకు 80 మైళ్ల మీటరు పెడితే, 20 దగ్గర దానికి అందేది పూర్తి ఒత్తిడిలో పదహారో వంతే. ముల్లు సరిగా లేవదు. పిల్లల్ని గాలి నింపిన తేలే ట్యూబు మీద కూర్చోబెట్టి బోటు వెనక లాగేవాళ్లు జీపీఎస్ మీటరే పెట్టుకోవాలని నా అభిప్రాయం. తక్కువ వేగం కూడా సరిగ్గా చూపిస్తుంది, పిల్లలు వెనక ఉన్నప్పుడు ఆ టెన్షన్ ఉండదు. నదిలో మాత్రం అది చూపించేది నేలతో పోల్చిన వేగం, ప్రవాహం కూడా అందులో కలుస్తుంది.

పెద్ద మీటర్లకు మామూలుగా 3 3/8 అంగుళాల రంధ్రం ఉంటుంది. కొలిచేది ఆ రంధ్రాన్ని, ముందు రింగును కాదు. అమెరికా బోట్లలో మామూలుగా ఊదా వైరు ఇగ్నిషన్‌ది, నలుపు గ్రౌండ్‌ది, ముదురు నీలం మీటరు లైటుది. అయినా మీటరు వెనక రాసింది చూసే కలపండి. వెనక బ్రాకెట్ నట్లు చేత్తో బిగిస్తే చాలు, స్పానర్ పెడితే ప్లాస్టిక్ విరుగుతుంది. నీళ్లలోకి దించాక 20 దగ్గర ఒకసారి, 30 దగ్గర ఒకసారి ఫోన్ జీపీఎస్‌తో సరిచూసుకోండి.