నిజాం రైల్వే పాత కాగితాలు చదవడం ఎలా

మా తాత డోర్నకల్‌లో పాయింట్స్‌మన్, అంటే రైలు పట్టాలు మార్చే ఉద్యోగి. ఆయన పెట్టెలో నాకు రెండు కాగితాలు దొరికాయి. రెండూ ఒకే సంవత్సరానివి. ఒకదాంట్లో జీతం 14 రూపాయలు, ఇంకోదాంట్లో 12. ఏదో తప్పు చేస్తే జీతం కోశారేమో అనుకున్నాను, చాలా రోజులు అదే నమ్మాను. రైల్వే అకౌంట్స్‌లో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషిని నేను. అయినా ఆ కాగితాలను సరిగ్గా చదవడానికి నాకు ఏడాది పట్టింది. మీకు అంతకాలం పట్టకూడదని రాస్తున్నాను.

కాగితం చేతికి రాగానే ముందు సంవత్సరం తేల్చుకోండి. నిజాం ప్రభుత్వ కాగితాల్లో ఎక్కువగా ఫసలీ సంవత్సరమే, అంటే శిస్తు లెక్కల కోసం వాడిన సంవత్సరమే ఉంటుంది. హైదరాబాద్ ఫసలీ అక్టోబరు మొదటి వారంలో, అజూర్ నెలతో మొదలవుతుంది. ఇంగ్లిష్ సంవత్సరం కావాలంటే ఫసలీ సంఖ్యకు అజూర్, దై, బహ్మన్ నెలలైతే 590 కలపండి, నాలుగో నెల ఇస్ఫందార్ నుంచి 591 కలపండి. 1340 ఫసలీ అజూర్ అంటే 1930 అక్టోబరు. అదే 1340 ఇస్ఫందార్ అయితే 1931 జనవరి. మద్రాసు వైపు ఫసలీ మాత్రం జూలై 1న మొదలయ్యేది. బెజవాడ లైను ఆ హద్దు దాటి పోతుంది కాబట్టి కాగితం ఏ వైపుదో చూడకుండా లెక్క వేయకండి. కంపెనీ రిపోర్టుల్లో ఇంగ్లిష్ తేదీలే ఉంటాయి, వాటితో ఈ ఇబ్బంది లేదు.

ఆ తర్వాత, ఆ తేదీన రైలు ఎవరి చేతిలో ఉందో చూడాలి. చాలామంది అంతా కలిపి ‘నిజాం రైల్వే’ అనేస్తారు, అక్కడే దారి తప్పుతారు. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు లైను 1874లో వచ్చింది, ఆ డబ్బు రాజ్యం తరఫున పెట్టినది. 1883లో లండన్‌లో నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ పుట్టింది. ఆ ఏడాదే చాందా (ఇప్పటి చంద్రపూర్) రైల్వే పథకాన్ని వ్యతిరేకించినందుకు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయను హైదరాబాద్ నుంచి పంపించేశారు. రైల్వే ఒప్పందం ఆ రోజుల్లో ఎంత వేడి విషయమో దీన్నిబట్టి తెలుస్తుంది. 1889లో లైను బెజవాడ చేరింది. మీటర్ గేజ్ గోదావరి లోయ లైను, అంటే మన్మాడ్ వైపుది, 1900 ప్రాంతంలో వచ్చింది. 1930 ఏప్రిల్‌లో ప్రభుత్వం కంపెనీని కొనేసింది. 1932లో అదే రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా కూడా మొదలుపెట్టింది. 1951లో ఇదంతా సెంట్రల్ రైల్వేలో కలిసింది, 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. ఈ తేదీలను ఒక చీటీ మీద రాసి పక్కన పెట్టుకోండి. 1920 నాటి కాగితం మీద సంతకం కంపెనీ ఉద్యోగిది. అలాంటిదే 1935లో రాస్తే అది రాజ్య ఉద్యోగి సంతకం. పై అధికారి మారాడు కాబట్టి ఫైలు వెతికే చోటూ మారుతుంది.

ఇప్పుడు రూపాయి సంగతి. మా తాత జీతం చిక్కు విడిపోయింది ఇక్కడే. ఆ రాజ్యంలో రెండు రూపాయలు నడిచేవి. నిజాం రూపాయిని హాలీ అని, బ్రిటిష్ రూపాయిని కల్దారు అని అనేవారు. చివరి దశాబ్దాల్లో లెక్క 7 హాలీలకు 6 కల్దారులు. అంటే 100 కల్దారులకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైసలు. 14ను 7తో భాగించి 6తో గుణించండి, 12 వస్తుంది. ఆయన జీతం కోయలేదు. ఇది తెలిసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏ తప్పూ చేయని మనిషిని మనసులో తప్పుపట్టినందుకు చాలా బాధపడ్డాను.

పాత లెక్కలో అణాకు 12 పైసలు (ఇంగ్లిష్ కాగితాల్లో ‘పై’), రూపాయికి 16 అణాలు, మొత్తం 192 పైసలు. టికెట్ ధరలు మైలుకు ఇన్ని పైసలని రాసేవారు. 3 పైసలు అని ఉంటే 64 మైళ్లకు ఒక రూపాయి. ఏ రూపాయో పేజీ పైనా కింద చిన్న అక్షరాల్లోనూ వెతకండి. అక్కడ లేకపోతే అదే రిపోర్టు ముందు పేజీలు తిరగేయండి. ఊహించి మాత్రం రాయొద్దు.

కంపెనీ లెక్కల్లో మూడో డబ్బు కూడా ఉంటుంది, అది ఇంగ్లండ్ పౌను. పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. మూలధనం లండన్‌లో పౌన్లలో తెచ్చారు, సంపాదన ఇక్కడ రూపాయల్లో. 1870ల మొదట్లో రూపాయి దాదాపు 2 షిల్లింగులు. 1890ల మధ్యలో దాదాపు 1 షిల్లింగు 1 పెన్నీ దాకా పడిపోయింది. రాబడి పెరిగినా లండన్‌కు పంపే వడ్డీ భారమూ పెరగడానికి ఇదొక కారణం. కాబట్టి మూడు కాలమ్‌లు గీసి మూడు డబ్బులనూ విడివిడిగా వేసుకోండి, కలిపి కూడకండి.

రిపోర్టులో ముందు చూడాల్సింది మొత్తం రాబడి, నిర్వహణ ఖర్చు, మిగులు. ఖర్చును రాబడితో భాగిస్తే ఆపరేటింగ్ రేషియో వస్తుంది. 100 రూపాయల రాబడికి 45 ఖర్చయితే 45 శాతం. ఏళ్ల వారీగా వరుసగా రాసుకుంటే కరువు వచ్చిన ఏడాది, కొత్త లైను పడిన ఏడాది కళ్లకు కనిపిస్తాయి. కానీ వాటాదారులకు వచ్చిన వడ్డీ చూసి లైను బాగా నడిచిందని అనుకోవద్దు. ఒప్పందం ప్రకారం 20 సంవత్సరాల పాటు 5 శాతం గ్యారంటీ ఉంది. మూలధనం 100 లక్షలు అనుకోండి, 5 లక్షలు ఇవ్వాలి. లైను మిగులు 3 లక్షలే అయితే మిగతా 2 లక్షలు ఖజానా నుంచి వెళ్తాయి. వాటాదారుకు తేడా తెలియదు, రైతు కట్టిన శిస్తుకు తెలుస్తుంది. ఆ 2 లక్షల వరుస ఏ పేజీలో ఉందో వెతకండి. నాకు ఈ లెక్కల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే.

సరుకుల పట్టికలో బొగ్గును ప్రత్యేకంగా చూడండి. ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ 1871లో కనిపెట్టాడు. డోర్నకల్ నుంచి అక్కడికి శాఖ లైను వేశారు. జనం కోసం మోసిన బొగ్గు వేరు, రైల్వే తన ఇంజన్ల కోసం మోసుకున్నది వేరు. రెండూ కలిపేస్తే రాబడి లెక్క తప్పుతుంది. బెజవాడ దగ్గరి బ్రిటిష్ భాగం ‘బెజవాడ ఎక్స్‌టెన్షన్’ పేరుతో విడిగా ఉంటుంది, దాన్నీ మర్చిపోకండి.

ఫైళ్ల కోసం హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లండి. ‘రైల్వే కాగితాలు కావాలి’ అని అడిగితే ఎవరికీ ఏమీ అర్థం కాదు. శాఖ, ఫసలీ సంవత్సరం, ఊరు చెప్పండి. ప్రభుత్వం కంపెనీని కొన్న కాలంలో రైల్వే, ఆర్థిక వ్యవహారాలు రెండూ అక్బర్ హైదరీ చేతిలోనే ఉండేవి కాబట్టి ఆర్థిక శాఖ ఫైళ్లూ అడగండి. చాలావరకు ఉర్దూలో ఉంటాయి, చదవగలిగే మనిషిని వెంట తీసుకెళ్తే రోజులు కలిసొస్తాయి. ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్ కాగితాలను అభిలేఖ్ పటల్‌లో ఇంటి నుంచే వెతకొచ్చు. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీస్ రికార్డులున్నాయి. వెతికేటప్పుడు ఇంగ్లిష్ స్పెల్లింగులు మార్చి మార్చి చూడండి, అప్పట్లో ఒకే ఊరిని ఎన్నో రకాలుగా రాసేవారు.

ఇంట్లో ఉన్న కాగితాలకు టేపు అంటించొద్దు, లామినేషన్ అసలే వద్దు. ఎండ తగలని చోట పరిచి రెండు వైపులా ఫొటో తీయండి. నేను మొదట ముందు వైపే తీశాను. తర్వాత ఒకరోజు 14 రూపాయల కాగితం తిప్పి చూస్తే, వెనక మూలలో ఎవరో పెన్సిల్‌తో ‘కల్దారు 12-0-0’ అని రాసి ఉంది.