బురదలో సైక్లోక్రాస్: స్టార్ట్ లైన్‌కి వెళ్లేముందు

సైక్లోక్రాస్ అంటే గడ్డి, ఇసుక, బురద దారుల్లో చుట్లు తిరిగే సైకిల్ రేసు; తొక్కలేని చోట సైకిల్ మోసుకుని పరుగెత్తాలి. అక్టోబర్ దాటితే బెల్జియం, నెదర్లాండ్స్, బ్రిటన్ రేసుల్లో బురద తప్పదు. అక్కడున్న మనవాళ్లలో తొలిసారి దిగేవాళ్ల కోసం ఈ సూచనలు. చైన్‌కి నూనె వెయ్యడం లాంటివి చెప్పక్కర్లేదు.

– పెడల్ బిగుసుకుంటే బలంకొద్దీ తొక్కొద్దు. గడ్డి, బురద కలిసి వెనక డీరెయిలర్‌కి (గేర్లు మార్చే భాగం) చుట్టుకుంటాయి. ఇంకో తొక్కు తొక్కితే దాన్ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే హ్యాంగర్ విరిగి, డీరెయిలర్ చువ్వల్లోకి పోతుంది. రేసుతోపాటు జేబూ ఖాళీ! దిగి గడ్డి లాగేయండి, లేదా సైకిల్ భుజానికెత్తి పరుగెత్తండి. మీ ఫ్రేమ్‌కి సరిపోయే హ్యాంగర్ ఒకటి సంచిలో ఉంచుకోండి, పక్కవాళ్లది మీకు పట్టకపోవచ్చు.

– టైర్లో గాలి తగ్గించండి. యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) రేసుల్లో టైర్ వెడల్పు 33 మిల్లీమీటర్లు మించకూడదు కాబట్టి పట్టు గాలి దగ్గరే దొరకాలి. 70 కిలోల మనిషి ట్యూబ్‌లెస్‌లో 20 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, కోర్సు చూసే ల్యాప్‌లో ఒక్కొక్కటే తగ్గించుకోవచ్చు. చెట్ల వేర్ల మీద రిమ్ ఠక్కున తగిలిందా, ఒకటి పెంచండి. పెద్ద పంపు మీటర్ ఇంత తక్కువలో సరిగ్గా చూపించదు, విడి గేజ్ మేలు.

– ఇసుక బురద రెజిన్ (మెత్తటి రకం) బ్రేక్ ప్యాడ్‌లను ఒక్క రేసులోనే అరగదీసేయగలదు. మెటల్ రకం వేయించండి. కూత పెడతాయి, పెట్టనీండి.

– బూట్ల ముందు స్పైకులు. బెల్జియంలోని నామూర్ సిటడెల్ (కోట) లాంటి ఏటవాలు గట్ల మీద కాలు నిలవాలంటే ఇవే దిక్కు.

– బాటిల్ కేజ్ విప్పేయండి, భుజానికెత్తేటప్పుడు అడ్డం.

– రెండో సైకిల్ ఉంటే పిట్ (సైకిల్ మార్చుకునే చోటు) ఎక్కడ ముగుస్తుందో చూసుకోండి. దాటాక వెనక్కి రాకూడదు.

– పొడి బట్టలు కారులో వదలకుండా, ఫినిష్ దగ్గర ఎవరి చేతికైనా ఇవ్వండి. ఆగిన వెంటనే వణుకు మొదలవుతుంది.