బ్యాండ్‌విడ్త్ పరీక్షలు ఢీకొనకుండా టైమ్‌టేబుల్ వేయడం

ఒకే గిగాబిట్ లింక్ మీద రెండు టీసీపీ (డేటా అందిందో లేదో చూసుకుంటూ పంపే పద్ధతి) వేగ పరీక్షలు ఒకేసారి నడిస్తే ఒక్కోటి సెకనుకు దాదాపు 470 మెగాబిట్లు చూపిస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు. చూసినవాళ్లు లింక్ పాడైందనుకుని కేబుళ్లు, స్విచ్‌లు వెతకడం మొదలుపెడతారు.

రెండు మెషీన్ల మధ్య డేటా పంపి వేగం కొలిచే ప్రోగ్రామ్ ఐపెర్ఫ్3. దాని సర్వర్ ఒకసారికి ఒక్క పరీక్షనే తీసుకుంటుంది. రెండో క్లయింట్ వస్తే సర్వర్ బిజీగా ఉందని తిప్పి పంపేస్తుంది. అది చాలు అనుకోవద్దు. 1వ మెషీన్ క్లయింట్‌గా 2వ మెషీన్‌కు డేటా పంపుతుండగా, 3వ మెషీన్ వచ్చి 1వ దాని సర్వర్ నుంచి రివర్స్ పరీక్షతో (సర్వరే క్లయింట్‌కు డేటా పంపేది) డేటా లాగవచ్చు. రెండూ 1వ మెషీన్ నుంచి బయటికెళ్లే దారినే పంచుకుంటాయి, కానీ పక్కనే క్లయింట్ నడుస్తున్న సంగతి ఆ సర్వర్‌కు తెలియదు. కాబట్టి మెషీన్ ఏ పాత్రలో ఉన్నా దానికి ఒకే లాక్ (ఒకసారికి ఒక్క పనికే దొరికే తాళం) ఉండాలి. మిగతా ఏర్పాటంతా దీని మీదే నిలబడుతుంది.

ముందు గడియారాలు సరిచేయండి. అన్ని మెషీన్లలో గడియారాన్ని నెట్‌వర్క్ ద్వారా సరిచేసే క్రోనీ పెట్టి, 'క్రోనీసీ ట్రాకింగ్' కమాండ్‌తో తేడా ఎంతుందో చూడండి. స్లాట్ల (ఒక్కో పరీక్షకు కేటాయించిన సమయాల) ప్రకారం పరీక్షలు నడపడానికి సెకనులోపు తేడా ఉంటే సరిపోతుంది. టైమ్‌జోన్ మాత్రం అన్నిటికీ యూటీసీ పెట్టండి. పనులను చెప్పిన సమయానికి లేపే క్రాన్ లోకల్ టైమ్ చూస్తుంది. వేసవిలో గడియారం ముందుకు జరిపే దేశంలో ఒక మెషీన్ ఉన్నా, గడియారం మారినప్పుడల్లా జంటలు తప్పిపోతాయి.

టైమ్‌టేబుల్ వేసే ముందు ప్రతి జంటనూ చేత్తో ఒకసారి పరీక్షించండి. ఒకవైపు ఎస్ ఆప్షన్‌తో సర్వర్, రెండోవైపు సి ఆప్షన్‌తో సర్వర్ అడ్రస్, టి 30 (30 సెకన్ల వ్యవధి), పెద్ద అక్షరం ఓ 5. ఈ ఓ మొదటి 5 సెకన్లను లెక్కలోంచి తీసేస్తుంది, అంటే టీసీపీ నెమ్మదిగా వేగం పుంజుకునే దశ సగటును పాడుచేయదు. ఆ 5 సెకన్లు 30కి అదనం, మొత్తం 35 సెకన్లు నడుస్తుంది. తర్వాత పెద్ద అక్షరం ఆర్ చేర్చి రెండో దిశ చూడండి. ఫైర్‌వాల్‌లో సర్వర్ వైపు 5201 పోర్టు తెరిస్తే చాలు. రివర్స్‌లో కూడా కనెక్షన్ మొదలుపెట్టేది క్లయింటే కాబట్టి క్లయింట్ వైపు ఏమీ తెరవక్కర్లేదు.

గిగాబిట్ ఈథర్‌నెట్‌లో 1500 ఎంటీయూతో (ఒక ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు) రావాల్సింది 941 మెగాబిట్లు. వైరు మీద వెళ్లే ప్రతి 1538 బైట్లలో అసలు డేటా 1448 బైట్లే, అందుకే 1000 ఎప్పటికీ కనిపించదు. 94 వస్తే లింక్ 100 మెగాబిట్లకు దిగిపోయింది, ముందు కేబుల్ మార్చి చూడండి. దూరపు దారిలో వేగం తక్కువగా ఉంటే బఫర్ (డేటాను తాత్కాలికంగా ఉంచే మెమరీ) లెక్క వేయాలి. సెకనుకు 1 గిగాబిట్ దారిలో, వెళ్లి రావడానికి 100 మిల్లీసెకన్లు పడితే, 12.5 మెగాబైట్ల డేటా ఎప్పుడూ దారిలోనే ఉండాలి. చాలా లినక్స్‌లలో టీసీపీ పంపే బఫర్ గరిష్ఠ పరిమితి మొదట 4 మెగాబైట్లే ఉంటుంది. ఆ పరిమితి రెండు చివర్లా పెంచకుండా టైమ్‌టేబుల్ వేస్తే, ప్రతిరోజూ బఫర్‌నే కొలుస్తూ ఉంటారు.

ఇక స్లాట్లు. 6 మెషీన్లు ఉంటే 15 జంటలు, రెండు దిశలూ కలిపి 30 పరీక్షలు. క్రీడా పోటీల్లో రౌండ్ రాబిన్ వేసినట్టే 1వ మెషీన్‌ను కదలకుండా ఉంచి మిగతావాటిని తిప్పండి. మొదటి రౌండ్: 1-6, 2-5, 3-4. రెండో రౌండ్: 1-5, 6-4, 2-3. ఇలా 5 రౌండ్లలో అందరూ అందరితో కలుస్తారు, ఏ మెషీనూ ఒక రౌండ్‌లో రెండుసార్లు రాదు. రౌండ్‌కు 2 నిమిషాలిస్తే 10 నిమిషాల్లో మొత్తం అయిపోతుంది. అయితే ఈ జంటల మధ్యలో ఉమ్మడి లింక్ ఏదైనా ఉంటే ఈ పద్ధతి పనికిరాదు. అప్పుడు ఆ లింక్ దాటే జంటలను ఒకదాని తర్వాత ఒకటి నడపాలి. అన్నీ దాటేవే అయితే 30 నిమిషాలు పడుతుంది, పట్టనివ్వండి.

సర్వర్‌ను రోజంతా నడిపి ఉంచవద్దు. స్లాట్ మొదలవగానే సర్వర్ పాత్ర ఉన్న మెషీన్‌లో ఎఫ్‌లాక్ (లాక్ ఫైల్ తీసుకుని పని నడిపే కమాండ్) ద్వారా, 1 ఆప్షన్‌తో ఐపెర్ఫ్3 లేపండి. ఒక్క పరీక్ష కాగానే అదే ఆగిపోతుంది. క్లయింట్ కూడా తన మెషీన్‌లో అదే పేరున్న లాక్ ఫైల్ తీసుకుని, 5వ సెకనుకు మొదలుపెట్టాలి. రెండో దిశకు సర్వర్‌ను 55వ సెకనుకు మళ్లీ లేపి, క్లయింట్‌ను 60వ సెకనుకు నడపండి. రెండువైపులా టైమౌట్ కమాండ్‌తో 50 సెకన్ల హద్దు పెట్టండి. అది లేకపోతే అవతలి మెషీన్ మధ్యలో ఆగిపోయిన రోజు లాక్ విడవక, తర్వాతి స్లాట్లన్నీ పోతాయి. గంట కొట్టే 0వ నిమిషాన్ని వదిలేసి 7 లేదా 23 లాంటి నిమిషం ఎంచుకోండి. బ్యాకప్‌లు, లాగ్ పనులు చాలావరకు 0వ నిమిషంలోనే లేస్తాయి.

మెషీన్లు వేర్వేరు సంస్థల చేతుల్లో ఉంటే క్రాన్‌తో నెగ్గుకురావడం కష్టం. ఆ పని కోసమే పెర్ఫ్‌సోనార్ అనే నెట్‌వర్క్ కొలతల సాఫ్ట్‌వేర్‌లో పీషెడ్యూలర్ ఉంది. ఇంతకుముందు ఇదే పని బీడబ్ల్యూసీటీఎల్ చేసేది, 2017లో వచ్చిన పెర్ఫ్‌సోనార్ 4.0తో దాని స్థానంలోకి పీషెడ్యూలర్ వచ్చింది. ఇది రెండు చివర్లా 443 పోర్టులో హెచ్‌టీటీపీఎస్‌తో మాట్లాడి, ఇద్దరికీ ఖాళీగా ఉన్న సమయం వెతికి బుక్ చేస్తుంది. త్రూపుట్ (వేగం కొలిచే) పరీక్ష నడిచే సమయంలో మరో త్రూపుట్ పరీక్షను రానివ్వదు. వ్యవధిని పీటీ30ఎస్ (30 సెకన్లు) రూపంలో ఇవ్వాలి. స్లిప్ ఆప్షన్‌కు పీటీ10ఎం ఇస్తే 10 నిమిషాల దాకా జరుపుకోవడానికి ఒప్పుకున్నట్టు. స్లిప్ ఇవ్వకుండా బిజీ మెషీన్లను అడిగితే 'నాన్-స్టార్టర్' (సమయం దొరక్క మొదలవని పరీక్ష) స్థితులు కుప్పలుగా వస్తాయి. ఏదైనా తేడా వస్తే ముందుగా అందులోని ట్రబుల్‌షూట్ కమాండ్ నడపండి.

డేటా ఖర్చు మరవవద్దు. గిగాబిట్ లింక్‌లో 35 సెకన్ల పరీక్షకు సుమారు 4.1 గిగాబైట్లు వెళ్తాయి. రెండు దిశలూ కలిపి 6 గంటలకోసారి నడిపితే ఒక్క జంటకే రోజుకు 33 గిగాబైట్లు. యూడీపీ (అందిందో లేదో చూసుకోకుండా పంపే పద్ధతి) పరీక్షలను విడిగా, నెట్‌వర్క్ చూసేవాళ్లకు ముందే చెప్పి పెట్టండి. వేగం చెప్పే బి ఆప్షన్ ఇవ్వకపోతే ఐపెర్ఫ్3 యూడీపీని సెకనుకు 1 మెగాబిట్ దగ్గరే ఆపేస్తుంది. ఇస్తే మాత్రం మిగతా ట్రాఫిక్ కోసం అది వెనక్కి తగ్గదు.

ఫలితాలను పెద్ద అక్షరం జె ఆప్షన్‌తో జేసన్‌గా దాచి, వేగంతోపాటు రీట్రాన్స్‌మిట్‌ల (మళ్లీ పంపాల్సి వచ్చిన ప్యాకెట్ల) సంఖ్యనూ చూడండి. స్లాట్ తప్పిన పరీక్షను తర్వాతి స్లాట్‌లోకి చొప్పించవద్దు, అక్కడ వేరే జంట ఉంటుంది. దాన్ని సున్నాగా కూడా రాయవద్దు. సున్నా అంటే లింక్ తెగిందని చదువుతారు, సగటు కూడా కిందికి జారుతుంది. 'నడవలేదు' అని, కారణంతో సహా వేరే గడిలో రాయండి: లాక్ దొరకలేదు, సర్వర్ అందలేదు, టైమౌట్ అయింది. ఒకే జంటకు ఒకే కారణం వరుసగా వస్తుంటే వెతకాల్సింది అక్కడే.