మిర్చి జాబితాకు వరుస నంబర్లు ఒక్క దెబ్బకు

గుంటూరు మిర్చి యార్డు కొట్లలో లెక్కలు చూసేవాళ్లకు పనికొచ్చే మాట. రైతు పేరు, రకం, టిక్కీలు (మిర్చి బస్తాలు) అంటూ వాట్సాప్‌లో వచ్చిన 300 లైన్ల జాబితాకు నంబర్లు చేత్తో కొట్టకండి. 2003 నుంచి ఉచితంగా దొరుకుతున్న నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో అతికించండి. పేరు చూసి ఉత్త నోట్‌ప్యాడ్ అనుకుంటారు గానీ, దీని బలమంతా నిలువుగా పనిచేయడంలో ఉంది.

వర్డ్ ర్యాప్ (పొడుగు లైన్‌ను కింది వరుసకు మడిచి చూపే సెట్టింగ్) తీసేసి, మొదటి లైన్‌లో మొదటి అక్షరానికి ముందు కర్సర్ పెట్టండి. ఆల్ట్, షిఫ్ట్ పట్టుకుని కింది బాణంతో చివరి లైన్ దాకా దిగండి. సన్నటి నిలువు గీత కనిపిస్తుంది. కామా కొట్టండి, అన్ని లైన్లకూ పడుతుంది. మళ్లీ అలాగే గీత తెచ్చుకుని ఆల్ట్, సీ నొక్కితే వచ్చే పెట్టెలో మొదటి సంఖ్య 1, పెంపు 1 ఇవ్వండి. ఇదే పని లైన్ మధ్యలో మాత్రం చేయొద్దు. తెలుగు అక్షరాల వెడల్పులు వేరువేరు కాబట్టి గీత ఒక్కో లైన్‌లో ఒక్కోచోట పడుతుంది.

ఇక ఎక్సెల్‌లో తెరవడానికి సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన జాబితా ఫైల్‌గా) దాచే ముందు: ఎన్‌కోడింగ్ మెనూలో ‘కన్వర్ట్ టు యూటీఎఫ్-8-బీఓఎమ్’ ఎంచుకోండి. బీఓఎమ్ అంటే అక్షరాలు ఏ పద్ధతిలో ఉన్నాయో చెప్పే, ఫైల్ మొదట్లో ఉండే గుర్తు. ఆ గుర్తు లేకపోతే ఎక్సెల్ పేర్లను వేరే లిపి అనుకుని పిచ్చి గుర్తులుగా చూపిస్తుంది. ‘కన్వర్ట్’ అని లేని పై వరుసలు ఫైల్‌ని మార్చవు, చదివే తీరునే మారుస్తాయి. అవి నొక్కితే ఉన్న తెలుగు కూడా చెదిరి కనిపించవచ్చు.