ఇంట్లోనే మిక్సింగ్ – 4వ పాఠం: సగం అంటే ఎంత?

పోయిన పాఠంలో తబలా ట్రాక్‌ను సగానికి తగ్గించమన్నాను. ఏ సగమో చెప్పలేదు, తప్పు నాదే. ఒకరు నాబ్‌ను 50 శాతం దగ్గర పెట్టి ఉంటారు. ఇంకొకరు 127లో సగం కదా అని మిడి (వాయిద్యాలకు అంకెల్లో సూచనలు పంపే పద్ధతి) వాల్యూమ్‌ను 64 చేసి ఉంటారు. దాని గరిష్ఠం 127. మరొకరు ఫేడర్‌ను, అంటే శబ్దం పెంచడానికి, తగ్గించడానికి పైకీ కిందికీ జరిపే మీటను, సగం దూరం కిందికి లాగి ఉంటారు. అన్నీ సగాలే, వినిపించేది మాత్రం తలో రకంగా.

ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరవండి. జెనరేట్ మెనూలో టోన్ తీసుకుంటే ఆంప్లిట్యూడ్ (శబ్ద తరంగం ఎత్తు) గడిలో ముందే 0.8 అని ఉంటుంది. ఇది 0 నుంచి 1 దాకా ఉండే లెక్క. దాన్ని మార్చకుండా టోన్ తయారు చేసి, సెలెక్ట్ చేసి, ఎఫెక్ట్స్‌లో ఆంప్లిఫై తెరవండి. అక్కడ 1.938 డీబీ (డెసిబెల్, శబ్దం స్థాయికి కొలత) అని కనిపిస్తుంది. 0 డీబీ అనే పైకప్పును అందుకోవడానికి ఇంకా ఎంత పెంచవచ్చో చెప్పే అంకె అది. అంటే ఇక్కడ 0.8 అన్నది అక్కడ మైనస్ 1.938 అయింది. ఒకే సాఫ్ట్‌వేర్‌లో పక్కపక్క మెనూలకే మాట కలవదు!

క్యాన్సిల్ కొట్టి, ఈసారి టోన్‌ను 0.5తో చేయండి. ఆంప్లిఫై 6.02 చూపిస్తుంది. 0.25తో చేస్తే 12.04. సగం చేసినప్పుడల్లా 6 డీబీ పోతోందన్నమాట. దీనికో లాగరిథమ్ సూత్రం ఉంది కానీ, మన పాత లెక్కే నోటికి హాయి: అర అంటే మైనస్ 6, పావు 12, అరపావు 18, వీసం 24.

ఇక మిడి. జనరల్ మిడి అనే ప్రమాణం సిఫారసు ప్రకారం వాల్యూమ్ అంకెను 127తో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేయాలి. 64 దాదాపు అర, అర వర్గం పావు. సగం అనుకుని తిప్పితే పావే మిగులుతుంది! 32 పెడితే వీసం. ఇది తెలియని రోజుల్లో ఒక భజన పాటలో హార్మోనియాన్ని 32లో పెట్టాను. పావు వంతైనా వినిపించాలి కదా అని హెడ్‌ఫోన్స్ వైరు పీకి, గుచ్చి, చివరికి కొత్త వైరు కూడా కొన్నాను. మిడి సూచనలను శబ్దంగా మార్చే సౌండ్ మాడ్యూళ్లన్నీ ఈ సిఫారసును పాటించవు కాబట్టి మీటరు ఒకసారి చూసుకోండి.

ఎల్‌ఎంఎంఎస్ అనే సంగీతం తయారీ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు నోటుకూ ట్రాక్‌కూ వేర్వేరు శాతాలుంటాయి, రెండూ 200 దాకా వెళ్తాయి. నోటు 50, ట్రాక్ 50 అయితే శాతాలను గుణించాలి, పావు వస్తుంది. డీబీల్లో అయితే కూడితే సరి: 6, 6, మొత్తం 12 తగ్గింది. సెట్టింగ్స్‌లో వాల్యూమ్‌ను డీబీఎఫ్‌ఎస్‌లో (0ను పైకప్పుగా తీసుకునే డీబీ లెక్కలో) చూపించే ఆప్షన్‌కు ఇప్పుడే టిక్ పెట్టేయండి.

ఫేడర్ల సంగతి: గీతల మధ్య దూరాలు సమానంగా ఉండవు. దూరాన్ని నమ్మకుండా అంకె చదవండి.

హోమ్‌వర్క్: 0.25తో టోన్ చేసి, ఆ ట్రాక్‌ను డూప్లికేట్ చేసి, రెండిటినీ మిక్స్ చేయండి. ఆంప్లిఫై ఎంత చూపిస్తుందో ముందే కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే తెరవండి.